వేల కనెక్షన్లను కనిపెట్టుకుని ఉండాలంటే: సెలెక్ట్, పోల్, ఈపోల్, కేక్యూ, ఐఓ యూరింగ్‌లలో ఏది?

సీ భాషలో చిన్న సర్వర్ రాయడానికి కూర్చున్నవారికి మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఒక సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్‌కు ప్రోగ్రాం వైపు కొస) మీద రీడ్ పిలిస్తే, డేటా వచ్చేదాకా ప్రోగ్రాం అక్కడే నిలబడిపోతుంది. ఈలోగా మిగతా కనెక్షన్లలో ఎవరు ఏం పంపారో చూసే నాథుడుండడు. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో థ్రెడ్ కేటాయించడం ఒక దారి. పదుల సంఖ్యలో ఉన్నంతవరకు అందులో తప్పేమీ లేదు. వేలల్లోకి వెళ్లేసరికి ప్రతి థ్రెడ్‌కూ స్టాక్, షెడ్యూలర్ మీద భారం, పంచుకున్న డేటాకు లాకులు, ఇవన్నీ కలిసి మోయలేనంత బరువవుతాయి.

అందుకే యునిక్స్ తరహా వ్యవస్థలన్నిటిలోనూ రెండో దారి ఉంది. "ఇవీ నా డిస్క్రిప్టర్లు, వీటిలో దేనిలో కదలిక వచ్చినా నన్ను లేపు" అని ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌కు అప్పగించి నిద్రపోవడం. తెరిచిన ఒక్కో ఫైల్‌కూ కనెక్షన్‌కూ గుర్తుగా కెర్నెల్ ఇచ్చే అంకెనే డిస్క్రిప్టర్ అంటారు. ఒకే యంత్రం మీద పదివేల మందికి ఒకేసారి సేవలందించడం ఎలా అన్న ప్రశ్నను డాన్ కెగెల్ 1999లో గట్టిగా లేవనెత్తారు. ఆ తర్వాత పుట్టిన పద్ధతులన్నీ ఈ అప్పగింతను చవకగా చేయడానికి జరిగిన ప్రయత్నాలే. ఇప్పుడు మన ముందు ఐదున్నాయి. ఏది ఎంచుకోవాలో చెప్పేటప్పుడు చాలామంది వేగం పట్టికలు చూపిస్తారు. నేను మాత్రం మూడు ప్రశ్నలు అడగమంటాను. మీ కనెక్షన్లలో ఒక్క క్షణంలో నిజంగా మాట్లాడుతున్నవి ఎన్ని? మీరు ఎదురుచూస్తున్నది సాకెట్ల కోసమేనా, డిస్కులోని ఫైళ్లు, సిగ్నళ్లు, పిల్ల ప్రాసెస్‌ల కోసం కూడానా? ఆ ప్రోగ్రాం చివరికి ఏ కెర్నెల్ మీద, ఎవరి అదుపులో ఉన్న యంత్రం మీద నడుస్తుంది? ఈ మూడింటికి జవాబు తెలిస్తే ఎంపిక దానంతటదే తేలిపోతుంది.

సెలెక్ట్‌ను ఎందుకు వదిలేయాలి

సెలెక్ట్ 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చింది. కళాశాల ల్యాబులో చాలామంది మొదట చూసేది దీన్నే. నేర్చుకోవడానికి మంచిదే. కొత్త ప్రోగ్రాంలో వాడటానికి మాత్రం ఈరోజు ఒక్క మంచి కారణం కూడా నాకు కనిపించదు.

అది నెమ్మదైనది కాబట్టి వద్దంటున్నానని అనుకోకండి. అసలు ప్రమాదం వేరే ఉంది. సెలెక్ట్ తీసుకునే డిస్క్రిప్టర్ల సమితి ఒక బిట్ల వరుస. లినక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ దాన్ని 1024 బిట్లకు, అంటే 128 బైట్లకు బిగించేసింది. ఇక్కడి పరిమితి మీ దగ్గరున్న డిస్క్రిప్టర్ల లెక్కకు కాదు, వాటి అంకెల విలువకు. మీరు గమనిస్తున్నవి మూడే కావచ్చు. ప్రోగ్రాం మరోచోట ఫైళ్లు తెరిచి ఉండటం వల్ల ఆ మూడింటిలో ఒకదాని అంకె 1024 అయిందంటే, దాన్ని సమితిలో చేర్చే మాక్రో ఆ వరుస హద్దు దాటి పక్కనున్న మెమరీలో రాసేస్తుంది. కంపైలర్ రక్షణలు పెట్టుకుని ఉంటే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. లేకపోతే స్టాక్‌లో పక్కనున్న చరరాశి చెడిపోయి, గంటల తర్వాత ఎక్కడో సంబంధం లేని చోట కూలిపోతుంది. ఇలాంటి లోపాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో డీబగ్గర్‌తో కుస్తీ పట్టినవారికి తెలుసు.

ఈ ప్రమాదం ఎంత నిజమైనదంటే, లినక్స్‌లో సేవలను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ 240వ వెర్షన్‌లో డిస్క్రిప్టర్ల గట్టి పరిమితిని (ప్రోగ్రాం దాటలేని హద్దు) ఐదు లక్షల పైకి పెంచినప్పుడు కూడా మెత్తని పరిమితిని (ప్రోగ్రాం తానే పెంచుకోగల హద్దు) 1024 దగ్గరే ఉంచేశారు. సెలెక్ట్ వాడే పాత ప్రోగ్రాంలు చెడిపోకూడదన్నదే అందుకు కారణం. మీ సర్వర్‌కు ఎక్కువ డిస్క్రిప్టర్లు కావాలంటే మొదలైనప్పుడే సెట్ఆర్‌లిమిట్‌తో మెత్తని పరిమితిని గట్టి పరిమితిదాకా పెంచుకోవచ్చు. అలా పెంచే ముందు మీ ప్రోగ్రాంలోనూ, అది వాడే లైబ్రరీల్లోనూ ఎక్కడా సెలెక్ట్ లేదని చూసుకోండి. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీలలో హెడర్‌కు ముందే పరిమాణాన్ని పెంచి నిర్వచించుకునే వెసులుబాటు ఉంది గానీ, దాని కోసం సెలెక్ట్‌ను పట్టుకుని వేలాడటం అనవసరం.

ఇంకో చిన్న తేడా కూడా పోర్టబిలిటీని దెబ్బతీస్తుంది. ఎంతసేపు ఆగాలో చెప్పే కాలపరిమితి నిర్మాణాన్ని లినక్స్ మార్చేసి, మిగిలిన సమయాన్ని అందులో రాస్తుంది. మిగతా చాలా వ్యవస్థలు దాన్ని ముట్టుకోవు. లూప్‌కు బయట ఒక్కసారి విలువ పెట్టి వదిలేసిన ప్రోగ్రాం బీఎస్‌డీలో చక్కగా నడిచి, లినక్స్‌కు వచ్చేసరికి కాలపరిమితి సున్నాకు చేరి ఆగకుండా గిరగిరా తిరగడానికి ఇదే కారణం.

పోల్: చిన్న పనికి నమ్మకస్థుడు

పోల్ సిస్టమ్ ఫైవ్ వైపు నుంచి వచ్చింది. యునిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో ఉంది. లినక్స్, మూడు ప్రధాన బీఎస్‌డీలు, ఇల్యూమోస్, అన్నిటిలోనూ అదే కోడ్ మార్పు లేకుండా కంపైల్ అవుతుంది. ఒక్కో డిస్క్రిప్టర్‌కు 8 బైట్ల నిర్మాణం ఒకటి చొప్పున వరుసగా పేర్చి ఇస్తే చాలు. 1024 గోడ లేదు. ఏదైనా కనెక్షన్‌ను కాసేపు పక్కన పెట్టాలంటే దాని డిస్క్రిప్టర్ అంకెను రుణ సంఖ్యగా మార్చండి, కెర్నెల్ దాన్ని వదిలేస్తుంది. వరుసను మళ్లీ పేర్చనక్కర్లేదు.

ఖర్చు ఎక్కడంటే, పిలిచిన ప్రతిసారీ మొత్తం జాబితా కెర్నెల్‌లోకి వెళ్లాలి, కెర్నెల్ ప్రతిదాన్నీ తట్టి చూడాలి. పదివేల కనెక్షన్లంటే 80,000 బైట్ల నకలు, పదివేల తనిఖీలు. అందులో ఒక్కటే పలికినా ఖర్చు అంతే. అయితే ఈ లెక్కను తిరగేసి కూడా చూడండి. యాభై కనెక్షన్లున్న ప్రోగ్రాంలో అది 400 బైట్లు మాత్రమే. నాలుగు సీరియల్ పోర్టుల నుంచి మీటర్ రీడింగులు సేకరించే రాస్ప్‌బెర్రీ పై ప్రోగ్రాంకో, ఆఫీసులో వంద మంది వాడే అంతర్గత సేవకో ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఇలాంటి చోట ఈపోల్ తెచ్చిపెట్టుకుంటే మిగిలేది లినక్స్‌కు కట్టిపడేసిన కోడ్ మాత్రమే. కొన్ని వందల కనెక్షన్ల వరకు పోల్‌తోనే మొదలుపెట్టమని నా సలహా.

పోల్‌కైనా, మరే పద్ధతికైనా వర్తించే జాగ్రత్త ఒకటుంది. "చదవడానికి సిద్ధం" అని కెర్నెల్ చెప్పినంత మాత్రాన రీడ్ ఆగిపోదని హామీ లేదు. లినక్స్‌లో ఒక యూడీపీ ప్యాకెట్ వచ్చిందని మిమ్మల్ని లేపి, తీరా చదవబోతే చెక్‌సమ్ తప్పని దాన్ని పారేసే సందర్భం ఉంటుంది. సాకెట్లను నాన్‌బ్లాకింగ్‌లో (డేటా లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగి వచ్చే రీతిలో) పెట్టకుండా ఈ పద్ధతుల్లో దేన్నీ వాడకండి.

ఈపోల్: లినక్స్ సర్వర్లకు ఇంటి పద్ధతి

ఈపోల్‌ను దావిదే లిబెంజీ రాశారు. 2002లో లినక్స్ 2.5.44లో చేరి, 2.6 వరుసతో అందరి చేతికీ వచ్చింది. జాబితాను ప్రతిసారీ మోసుకెళ్లకుండా ఒక్కసారి నమోదు చేస్తే కెర్నెలే దాన్ని రెడ్‌బ్లాక్ ట్రీలో భద్రపరుస్తుంది. ఏదైనా డిస్క్రిప్టర్‌లో కదలిక వచ్చినప్పుడు అది విడిగా ఉండే సిద్ధ జాబితాలో చేరుతుంది. మీరు అడిగినప్పుడు ఆ సిద్ధ జాబితానే చేతికిస్తుంది. పదివేలలో ముగ్గురు మాట్లాడితే ముగ్గురి పనే చేస్తారు. నమోదైన ఒక్కో డిస్క్రిప్టర్‌కు 64 బిట్ల కెర్నెల్‌లో సుమారు 160 బైట్ల మెమరీ పడుతుంది. పదివేలకు అది దాదాపు 16 లక్షల బైట్లు, ఈరోజుల్లో లెక్కలోకి రానిది.

ఇందులో లెవెల్ ట్రిగ్గర్, ఎడ్జ్ ట్రిగ్గర్ అని రెండు తీరులున్నాయి. మొదటిది పోల్ లాంటిదే. చదవాల్సింది మిగిలి ఉన్నంతకాలం గుర్తు చేస్తూనే ఉంటుంది. రెండోది కొత్తగా డేటా వచ్చినప్పుడు మాత్రమే చెబుతుంది. మళ్లీ డేటా రాకపోతే మళ్లీ చెప్పదు. కాబట్టి ఎడ్జ్ ట్రిగ్గర్ వాడేవారు ప్రతిసారీ ఈ-ఎగైన్ (ఇప్పటికి ఇంకేమీ లేదనే లోపం) వచ్చేదాకా చదవాల్సిందే. మధ్యలో ఆపితే బఫర్లో డేటా ఉండగానే ఆ కనెక్షన్ మూగబోతుంది. పోనీ చివరిదాకా చదువుదామంటే, ఆగకుండా పంపే ఒక్క క్లయింటు మిగతా అందరినీ ఆకలితో మాడ్చగలదు. దానికి విరుగుడుగా మీరే మరో జాబితా నడపాలి. ఎడ్జ్ ట్రిగ్గర్ ఉంటేనే ఈపోల్ వేగంగా ఉంటుందన్న అపోహ బాగా వ్యాపించింది. జాబితాను మోసుకెళ్లనక్కర్లేకపోవడమే అసలు లాభం, అది రెండు తీరుల్లోనూ ఉంది. కొలిచి తేడా చూపించగలిగేదాకా లెవెల్ ట్రిగ్గర్‌లోనే ఉండండి.

లెవెల్ ట్రిగ్గర్‌లో కొత్తవారిని ఎక్కువగా ఏడిపించేది రాయడానికి పెట్టే కాపలా. సాకెట్ దాదాపు ఎప్పుడూ రాయడానికి సిద్ధంగానే ఉంటుంది. ఆ కాపలాను ఎప్పుడూ తెరిచి ఉంచితే ఎదురుచూసే కాల్ (ఈపోల్ వెయిట్) పిలిచిన వెంటనే తిరిగి వచ్చేస్తుంది, ప్రాసెసర్ నూరు శాతం వాడకానికి చేరుతుంది. రాయాల్సింది మిగిలినప్పుడే నమోదు చేసి, అయిపోగానే తీసేయాలి.

ఈపోల్‌లో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే రూపకల్పన లోపం వేరే ఉంది. మీరు నమోదు చేసేది డిస్క్రిప్టర్ అంకెను అనుకుంటారు. కెర్నెల్ పట్టుకునేది దాని వెనకనున్న తెరిచిన ఫైల్ వస్తువును. ఆ డిస్క్రిప్టర్‌ను డూప్‌తో నకలు తీసినా, ఫోర్క్ వల్ల పుట్టిన పిల్ల ప్రాసెస్‌కు నకలు వెళ్లినా, మీరు మీ వైపు క్లోజ్ చేసిన తర్వాత కూడా నమోదు బతికే ఉంటుంది. మూసేశాననుకున్న కనెక్షన్ నుంచి సంఘటనలు వస్తూనే ఉంటాయి. అంకె ఇప్పుడు మీ దగ్గర లేదు కాబట్టి దాన్ని తొలగించే దారీ ఉండదు. అందుకే క్లోజ్ చేసే ముందు విధిగా నమోదును తొలగించండి. డిస్క్రిప్టర్లన్నిటినీ ఎగ్జెక్‌తో కొత్త ప్రోగ్రాం మొదలైనప్పుడు మూసుకుపోయేలా తెరవండి. ఒకే విడతలో వచ్చిన సంఘటనల్లో మొదటిదాని పని చేస్తూ రెండోదాని కనెక్షన్ నిర్మాణాన్ని ఫ్రీ చేయకండి, తర్వాతి మలుపులో చెల్లని పాయింటర్ మీద కాలు వేస్తారు. విడత పూర్తయ్యాక ఒకేసారి ఫ్రీ చేసే పద్ధతి పెట్టుకోండి.

రెండో విషయం, ఈపోల్‌కు మామూలు ఫైళ్లు పనికిరావు. డిస్కు మీది ఫైల్‌ను నమోదు చేయబోతే అనుమతి లేదనే ఈ-పెర్మ్ లోపం వస్తుంది. ఇది మంచిదే, ఎందుకంటే పోల్, సెలెక్ట్ అలాంటి ఫైల్ ఎప్పుడూ సిద్ధమేనని చెప్పేస్తాయి, తీరా చదివితే డిస్కు కోసం ప్రోగ్రాం నిలిచిపోతుంది. కాదని ముఖం మీద చెప్పేవాడే నయం.

కేక్యూ: ఆలోచించి కట్టిన ఇల్లు

జోనాథన్ లెమన్ రాసిన కేక్యూ 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.1తో వచ్చింది. తర్వాత ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, డ్రాగన్‌ఫ్లై దాన్ని తీసుకున్నాయి. మాక్ఓఎస్ కెర్నెల్‌లోనూ అదే ఉంది. ఈపోల్ కంటే రెండేళ్లు ముందు పుట్టినా, ఇంటర్‌ఫేస్‌గా ఇదే మెరుగైనదని నా అభిప్రాయం.

ఎందుకంటే కేక్యూ డిస్క్రిప్టర్లకే పరిమితం కాలేదు. ఎదురుచూడదగినవన్నీ ఒకే రూపంలోకి తెచ్చింది. సాకెట్‌కు ఒక ఫిల్టర్, టైమర్‌కు ఒకటి, సిగ్నల్‌కు ఒకటి, ప్రాసెస్ ముగిసిందని తెలుసుకోవడానికి ఒకటి, ఫైల్ మారిందో పేరు మారిందో తెలుసుకోవడానికి ఒకటి. కేఈవెంట్ అనే ఒకే పిలుపులో మార్పుల జాబితా లోపలికి పంపి, సంఘటనల జాబితా బయటికి తీసుకోవచ్చు. ఈపోల్‌లో వంద డిస్క్రిప్టర్ల కాపలా మార్చాలంటే వంద సిస్టమ్ కాల్స్ (కెర్నెల్‌కు పంపే పిలుపులు). ఇక్కడ ఒక్కటి చాలు. సాకెట్ సిద్ధమని చెప్పేటప్పుడు చదవడానికి ఎన్ని బైట్లున్నాయో కూడా చెబుతుంది. వినే సాకెట్ అయితే ఎన్ని కనెక్షన్లు వరుసలో నిలబడ్డాయో చెబుతుంది. ఇక క్లోజ్ చేయగానే ఆ డిస్క్రిప్టర్ నమోదులన్నీ వాటంతటవే పోతాయి. ఫోర్క్ అయిన పిల్లకు ఆ వరుస వారసత్వంగా వెళ్లదు. ఈపోల్‌లో పైన చెప్పిన తలనొప్పులు సగం ఇక్కడ పుట్టవు.

లినక్స్ ఇదే సౌకర్యాన్ని విడివిడి ముక్కలుగా తెచ్చుకుంది. ఫైళ్ల మార్పులకు ఐనోటిఫై 2.6.13లో, సిగ్నల్‌ఎఫ్‌డీ, ఈవెంట్‌ఎఫ్‌డీ 2.6.22లో, టైమర్‌ఎఫ్‌డీ 2.6.25లో, ప్రాసెస్‌ల కోసం పిడ్‌ఎఫ్‌డీ ఓపెన్ 5.3లో వచ్చాయి. ఒక్కొక్కటీ ఒక డిస్క్రిప్టర్ ఇస్తుంది, దాన్ని ఈపోల్‌కు జోడించుకోవాలి. పని జరుగుతుంది, కానీ ప్రతిదానికీ దాని సొంత నియమాలున్నాయి. ఉదాహరణకు సిగ్నల్‌ఎఫ్‌డీ వాడాలంటే ఆ సిగ్నళ్లను ముందు అడ్డుకుని ఉంచాలి. ఆ అడ్డు ఫోర్క్, ఎగ్జెక్ దాటి పిల్ల ప్రోగ్రాంలకు కూడా వెళ్తుంది. దాన్ని తీసేయకుండా పిల్లను పుట్టిస్తే, ఆపమని పంపిన సిగ్నల్ దానికి వినిపించదు. కేక్యూ సిగ్నల్ ఫిల్టర్‌కు సిగ్నళ్లను అలా అడ్డుకోనక్కర్లేదు.

కేక్యూకూ లోపాలున్నాయి. ఫైళ్ల మార్పులు గమనించాలంటే ప్రతి ఫైల్‌నూ తెరిచి ఉంచాలి. వేల ఫైళ్లున్న డైరెక్టరీ చెట్టుకు వేల డిస్క్రిప్టర్లు ఖర్చవుతాయి. అక్కడ ఐనోటిఫై నయం. ఒక్కో బీఎస్‌డీలో ఫిల్టర్ల జాబితా, చిన్న చిన్న రకాలు తేడాగా ఉంటాయి. వాడుకరి డేటాను దాచుకునే గది నెట్‌బీఎస్‌డీ పాత వెర్షన్లలో పాయింటర్ కాకుండా పూర్ణాంకంగా ఉండేది, దాని వల్ల పోర్టు చేసిన కోడ్‌లో హెచ్చరికలు వచ్చేవి. ఒక బీఎస్‌డీలో నడిచింది కదా అని మరోదానికి పంపకుండా అక్కడి మాన్ పేజీ చదవండి. బీఎస్‌డీల మాన్ పేజీలు నిజంగా చదవదగినవి. ఈ విషయంలో కేక్యూ పేజీ ఒక్కటి చదివితే మొత్తం ఇంటర్‌ఫేస్ అర్థమైపోతుంది.

మీ ప్రోగ్రాం ఫ్రీబీఎస్‌డీ మీదే నడుస్తుందని తెలిస్తే ఇక తటపటాయించనక్కర్లేదు. కేక్యూ తీసుకోండి.

ఐఓ యూరింగ్: మరో తత్త్వం

ఇంతవరకు చెప్పిన నాలుగూ ఒకే కుదురుకు చెందినవి. "సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకో" అంటాయి. పార్సిల్ వచ్చిందని పోస్టాఫీసు కబురు పెడితే మనం వెళ్లి తెచ్చుకోవడం లాంటిది. జెన్స్ ఆక్స్‌బో 2019లో లినక్స్ 5.1తో తెచ్చిన ఐఓ యూరింగ్ పార్సిల్‌ను ఇంటికే తెచ్చి పెడుతుంది. "ఈ సాకెట్ నుంచి ఈ బఫర్‌లోకి చదువు" అని ముందే పని అప్పగిస్తారు, అయిపోయాక "అయింది, ఇన్ని బైట్లు" అని జవాబు వస్తుంది. అప్పగింతలకు ఒక వలయం, జవాబులకు ఒక వలయం. రెండూ ప్రోగ్రాం, కెర్నెల్ పంచుకునే మెమరీలో ఉంటాయి. ఎన్నో పనులను ఒకే సిస్టమ్ కాల్‌తో పంపవచ్చు. కెర్నెల్ థ్రెడ్ ఒకటి వలయాన్ని గమనిస్తూ ఉండేలా పెట్టుకుంటే ఆ ఒక్క కాల్ కూడా చాలాసార్లు అక్కర్లేదు.

దీని అసలు బలం ఫైళ్ల దగ్గర ఉంది. డిస్కు ఫైళ్లను ఆగకుండా చదవడానికి లినక్స్‌లో ఏళ్ల తరబడి సరైన దారి లేదు. పాత లినక్స్ ఏఐఓ (అసింక్రనస్ ఐఓ) నమ్మకంగా పని చేసేది పేజ్ కాష్‌ను (కెర్నెల్ మెమరీలో దాచుకునే ఫైళ్ల నకళ్లను) దాటవేసే డైరెక్ట్ రీతిలోనే. జీలిబ్‌సీలోని పోసిక్స్ ఏఐఓ లోపల థ్రెడ్లు పెట్టి నడిపేది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కు ఆధారమైన లిబ్‌యూవీ లైబ్రరీ ఇప్పటికీ ఫైల్ పనుల కోసం, విడిగా చెప్పకపోతే నాలుగు థ్రెడ్ల బృందాన్ని నడుపుతుంది. సాకెట్‌నూ ఫైల్‌నూ ఒకే విధంగా చూసే మొదటి లినక్స్ పద్ధతి ఐఓ యూరింగే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 18వ వెర్షన్‌లో దీన్ని ఒక ఐచ్ఛికంగా చేర్చారు. డిఫాల్ట్‌గా మాత్రం విడి వర్కర్ ప్రాసెస్‌లనే ఉంచారు. ఆ జాగ్రత్త నాకు సబబుగా తోస్తుంది.

ఆ జాగ్రత్తకు కారణాలున్నాయి. మొదటిది బఫర్లు ఎవరి అధీనంలో ఉన్నాయన్న విషయం. పని అప్పగించాక జవాబు వచ్చేదాకా ఆ బఫర్ కెర్నెల్‌ది. మధ్యలో ఫ్రీ చేస్తే, మరెవరికో కేటాయించిన మెమరీలోకి డేటా వచ్చి పడుతుంది. రద్దు చేయాలన్నా రద్దు అభ్యర్థన పంపి, మొదటి పని జవాబు వచ్చేదాకా ఆగాల్సిందే. పైగా మౌనంగా ఉన్న పదివేల కనెక్షన్లకు ఒక్కోదానికి 4 కిలోబైట్ల బఫర్ ముందే ఇచ్చి పెడితే 40 మెగాబైట్లు ఊరికే కట్టుబడి ఉంటాయి. సిద్ధత పద్ధతుల్లో డేటా వచ్చాక బఫర్ తీసుకుంటే చాలు. ఈ ఇబ్బంది తీర్చడానికి 5.19లో ఉమ్మడి బఫర్ల వలయం తెచ్చారు, కానీ అది వాడాలంటే కోడ్ అమరిక మొదటినుంచీ దానికి తగ్గట్టు ఉండాలి.

రెండోది భద్రత. 2023లో గూగుల్ తన కెర్నెల్ బహుమతి పథకానికి అందిన 42 దాడి ప్రోగ్రాంల గురించి రాస్తూ, వాటిలో 60 శాతం ఐఓ యూరింగ్ లోపాలనే వాడుకున్నాయని చెప్పింది. క్రోమ్ఓఎస్‌లో దాన్ని ఆపేసింది, ఆండ్రాయిడ్ యాప్‌లకు అందకుండా చేసింది, తన ఉత్పత్తి సర్వర్లలోనూ మూసేసింది. డాకర్ కొత్త వెర్షన్లలోని డిఫాల్ట్ సెక్‌కాంప్ నియమాలు (ఏ సిస్టమ్ కాల్స్‌కు అనుమతో చెప్పే వడపోత) ఈ కాల్స్‌ను అనుమతించవు. లినక్స్ 6.6 నుంచి యంత్రం మొత్తానికి దీన్ని మూసేసే సిస్‌కంట్రోల్ అమరిక ఉంది. ఆ తర్వాత కోడ్ చాలా గట్టిపడింది, నిజమే. అయినా మీ ల్యాప్‌టాప్‌లో అద్భుతంగా నడిచిన ప్రోగ్రాం కస్టమర్ కంటైనర్‌లో మొదటి అడుగులోనే అనుమతి లేదని తిరిగి రావచ్చు. అందుకే మూడో ప్రశ్న అడిగాను. కెర్నెల్ వెర్షన్, భద్రతా నియమాలు మీ చేతిలో ఉంటేనే దీన్ని ఏకైక మార్గంగా పెట్టుకోండి. మీ చేతిలో లేకపోతే ఈపోల్ మార్గాన్ని వెనక తప్పకుండా ఉంచండి. రెండు వేర్వేరు తత్త్వాలను ఒకే ప్రోగ్రాంలో మోయడం చిన్న పని కాదని కూడా ముందే లెక్క వేసుకోండి.

ఎంచుకుంటే మాత్రం వలయాలను నేరుగా ముట్టుకోకుండా లిబ్‌యూరింగ్ లైబ్రరీ ద్వారానే వెళ్లండి. మెమరీ బ్యారియర్లను (మెమరీ రాతలు, చదువులు సరైన క్రమంలో జరిగేలా చూసే సూచనలను) చేత్తో రాసి నెగ్గుకురావడం అందరికీ సాధ్యం కాదు.

అన్ని వ్యవస్థల మీదా నడవాలంటే

లినక్స్‌లోనూ బీఎస్‌డీలోనూ నడవాల్సిన ప్రోగ్రాం అయితే ఈ ఇంటర్‌ఫేస్‌లను సూటిగా పిలవడం మానేసి లైబ్రరీ తీసుకోవడమే వివేకం. నీల్స్ ప్రోవోస్ మొదలుపెట్టిన లిబ్‌ఈవెంట్ మెమ్‌క్యాష్‌డ్‌లోనూ టోర్‌లోనూ నడుస్తోంది, ఓపెన్‌బీఎస్‌డీ మూల వ్యవస్థలోనే భాగం. కింద లినక్స్ ఉంటే ఈపోల్, బీఎస్‌డీ ఉంటే కేక్యూ తానే ఎంచుకుంటుంది. ఫైళ్లు, డీఎన్ఎస్, పిల్ల ప్రాసెస్‌లు కూడా కావాలంటే లిబ్‌యూవీ. గో భాషలో రాస్తుంటే ఈ ప్రశ్నే రాదు, దాని రన్‌టైమ్ లోపల ఇదే పని చేస్తుంది.

లైబ్రరీ బరువు వద్దనుకుంటే రెడిస్ డేటాబేస్ చేసిన పని చూడండి. ఏఈ అనే చిన్న పొర ఒకటి రాసుకుని, దాని కింద ఈవెంట్ పోర్ట్స్ (సొలారిస్ పద్ధతి), ఈపోల్, కేక్యూ, సెలెక్ట్ అనే నాలుగు వెనక భాగాలను పెట్టి, కంపైల్ చేసేటప్పుడు ఉన్నవాటిలో మేలైనదాన్ని తీసుకుంటుంది. ఒక్కో వెనక భాగం చిన్న ఫైలే. ఈ విషయం నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఆ ఫైళ్లను పక్కపక్కన పెట్టుకుని చదవమని చెబుతాను. ఒకే పనిని నాలుగు ఇంటర్‌ఫేస్‌లు ఎంత భిన్నంగా అడుగుతాయో ఒక సాయంత్రంలో కళ్లకు కడుతుంది. మీరు ఇలాంటి పొర రాసుకుంటే ఆఖరి భాగంగా సెలెక్ట్ బదులు పోల్ పెట్టండి.

ఫ్రీబీఎస్‌డీలో ఈపోల్ కోరే ప్రోగ్రాంలకు ఈపోల్ షిమ్, లినక్స్‌లో కేక్యూ కోరేవాటికి లిబ్‌కేక్యూ అనే అనుసంధాన లైబ్రరీలున్నాయి. ఇతరుల కోడ్‌ను పోర్టు చేయడానికి అవి ఎంతో ఉపకరిస్తాయి. కొత్తగా రాసేటప్పుడు వాటిని పునాదిగా చేసుకోవద్దు. పైన చెప్పిన క్లోజ్, ఫోర్క్ తేడాల వంటివి అనుకరణలో పూర్తిగా సరిపోవు.

ఇప్పటికే నడుస్తున్నదాన్ని మార్చాలా

చేతిలో పని చేస్తున్న పోల్ సర్వర్ ఉంది, ఈపోల్‌కు మారాలా అన్న సందేహం ఉన్నవారు ముందు ఒక్క కొలత తీసుకోండి. సిస్టమ్ కాల్స్‌ను చూపే పనిముట్లతో, అంటే లినక్స్‌లో ఎస్‌ట్రేస్‌తో, ఫ్రీబీఎస్‌డీలో ట్రస్‌తో, ఓపెన్‌బీఎస్‌డీలో కేట్రేస్‌తో అసలు రద్దీ ఉన్న వేళ కొన్ని నిమిషాలు గమనించండి. ఎదురుచూసే కాల్ ఒక్కోసారి తిరిగి వచ్చినప్పుడు సగటున ఎన్ని సిద్ధమైన డిస్క్రిప్టర్లను తెస్తోందో, జాబితాలో మొత్తం ఎన్ని ఉన్నాయో పోల్చండి. ఐదువేలకు ఒకటో రెండో తెస్తుంటే ఖర్చంతా ఖాళీ తనిఖీలకే పోతోంది. ఈపోల్‌కో కేక్యూకో మారితే ఫలితం వెంటనే కనిపిస్తుంది. మూడు వందలకు రెండు వందలు తెస్తుంటే పోల్ వల్ల మీకు నష్టమేమీ లేదు, సమయం మరెక్కడో పోతోంది.

ఈపోల్ నుంచి ఐఓ యూరింగ్‌కు మారే ఆలోచన ఉంటే ఎస్‌ట్రేస్ ఇచ్చిన అదే నమోదులో రీడ్, రైట్ కాల్స్ సంఖ్య చూడండి. ప్రతి కాల్‌లో కొన్ని పదుల బైట్లే కదులుతూ, సెకనుకు లక్షల కాల్స్ జరుగుతుంటే వలయాలు మీకు మేలు చేస్తాయి. ఒక్కో కాల్‌లో 64 కిలోబైట్లు కదులుతుంటే సిస్టమ్ కాల్ ఖర్చు ఆ నకలు ఖర్చు ముందు చిన్నది, మారినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఎస్‌ట్రేస్ ప్రోగ్రాంను బాగా నెమ్మది చేస్తుంది. కాబట్టి దాని నుంచి సంఖ్యలను తీసుకోండి, సమయాలను కాదు. సమయాల కోసం పర్ఫ్ అనే కొలత పనిముట్టు వాడండి.